ఫిర్యాదీ గైర్హాజరు

బంట్రోతు మూడోసారి పిలిచినప్పుడు గొంతు పెంచను కూడా పెంచలేదు. వరండాలో ఆ మనిషి లేడని అతనికి మొదటి పిలుపుకే తెలిసిపోయింది. అయినా పద్ధతి ప్రకారం తలుపు బయటికి తల పెట్టి ఫిర్యాదీ పేరు చదివాడు, కాసేపు ఆగాడు, లోపలికి తిరిగి జడ్జిగారి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ముద్దాయి నిలబడే చెక్క కటకటాల వెనక లిఫ్టక్క నిలబడి ఉంది. ఆమె లిఫ్టు మెకానిక్కు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. తనకంటే పెద్దవాళ్లు కూడా లిఫ్టక్కా అనే పిలుస్తారు. ఒక అపార్టుమెంటు మేనేజర్ని స్పానరుతో చెయ్యి మీద కొట్టిందని ఆమె మీద కేసు. పదకొండు నెలల్లో ఇది ఏడో వాయిదా. కేసు పెట్టిన మేనేజరు మొదటి వాయిదాకి మోచేతికి ఇంత లావు కట్టు కట్టుకుని వచ్చాడు. రెండోదానికి జ్వరమన్నాడు. మూడోదానికి బంధువులింట్లో చావన్నాడు. ఆ తర్వాత ఏదో ఒకటి అనడం కూడా మానేశాడు.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని నాలుగు ముక్కలు రాశారు. రాసింది పైకి చదివారు. ఫిర్యాదీ గైర్హాజరు, కారణం తెలియపరచలేదు, కేసు కొట్టివేయడమైనది, ముద్దాయిని విడుదల చేయడమైనది. గుమాస్తా అప్పటికే ఆ కేసు కాగితాల కట్టకి తాడు బిగించి పక్కన పడేసి, కిందున్న కట్ట అందుకున్నాడు.

లిఫ్టక్క కదల్లేదు. వెళ్లవచ్చని బంట్రోతు సైగ చేశాడు. ఆమె అతన్ని చూడలేదు.

"అయ్యా, నేను చెప్పాల్సింది ఉంది," అంది.

జడ్జిగారు తలెత్తారు. చెడ్డమనిషి కాదు ఆయన. ఆ పూట ఇంకా ముప్పై కట్టలు చూడాల్సిన మనిషి, అంతే.

"ఇక చెప్పనక్కర్లేదమ్మా. మీ మీద కేసు లేదు."

"నేను కొట్టలేదని ఎక్కడ రాస్తారండీ?"

"కొట్టారని నిరూపణ కాలేదు. అందుకే వదిలేశాం."

"కొట్టలేదనీ, కొట్టినట్టు నిరూపణ కాలేదనీ, రెండూ ఒకటి కాదు కదండీ."

ఆయన కలం కింద పెట్టి ఆమెను ఒకసారి సరిగ్గా చూశారు. కాదు అని ఒప్పుకున్నారు కూడా. కానీ లేని కేసులో సాక్ష్యం వినడానికి తనకు వీల్లేదని, ఆ మనిషి వచ్చి ఉంటే తప్పకుండా వినేవాణ్ణని నెమ్మదిగానే చెప్పారు. తర్వాత కేసు వాళ్లని పిలవమన్నారు. ఎవరో ఇద్దరు అన్నదమ్ములు, గోడ తగాదా వాళ్లు, ఆమె ఎప్పుడు జరుగుతుందా అని అప్పటికే వెనక నిలబడి ఉన్నారు.

ఆమె బయటికి వచ్చేసింది.

అసలు జరిగింది ఇదీ. ఆ అపార్టుమెంటు ఆరంతస్తులది. నెలకొకసారి వెళ్లి లిఫ్టు చూసి రావడం ఆమె పని. కిందటేడు ఒకనాడు పొద్దున్నే డాబా మీది మిషన్ గదిలోకి వెళ్లి, ఎప్పటిలాగే పాత నూలుగుడ్డ చేత్తో పట్టుకుని ఇనుపతాళ్ల మీద నెమ్మదిగా జార్చింది. లిఫ్టుని మోసేవి నాలుగు తాళ్లు. మూడు తాళ్ల మీద గుడ్డ సాఫీగా జారింది. నాలుగోదాని మీద చిక్కుకుంది. దీపం పెట్టి చూస్తే సన్నటి పోగులు తెగి ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. ఒక్క జానెడు పొడవులో పదిహేడు లెక్కపెట్టింది. పక్క తాడు మీద కూడా ఎర్రటి తుప్పుపొడి రాలుతోంది, అంటే అది కూడా లోపల లోపల అరుగుతోందన్నమాట. దానికి తోడు బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. ఆమె మరో ఆలోచన పెట్టుకోలేదు. కరెంటు ఆపి, మీటకి తన తాళం వేసి, నడపరాదు అని ఎర్ర చీటీ కట్టింది.

గంట తిరక్కుండా అపార్టుమెంటంతా గగ్గోలు. ఆరో అంతస్తులో ఎవరిదో సామాను దిగాలి, నాలుగో అంతస్తులో ఎవరికో మోకాళ్లు. అయిదో అంతస్తులో సంగీతం మాస్టారి భార్యకి నడుం కింద పట్టు లేదు, చక్రాల కుర్చీ లేనిదే గడప దాటలేదు. అపార్టుమెంటు కట్టించిన ఓనరు ఫోనులో మేనేజరు మీద ఎగిరాడు. మేనేజరు వచ్చి తాళం తీయమన్నాడు. ఆమె తీయనంది. తాళ్లు మార్చేదాకా తన ఇంట్లో వాళ్లనైనా ఎక్కనివ్వనంది. మాటామాటా పెరిగింది. మేనేజరు ఆమె నడుముకున్న తాళాల గుత్తి లాక్కోబోయాడు. ఆమె వెనక్కి గుంజుకుంది. ఆ విసురుకి అతను గుమ్మం ముందున్న మెట్టు తప్పి, మోచెయ్యి గీసుకుంటూ కింద కూలబడ్డాడు. జరిగింది అంతే. స్పానరు పెట్టెలోనే ఉంది.

సాయంత్రానికల్లా స్పానరుతో కొట్టిందని ఫిర్యాదు వెళ్లింది. మర్నాటికల్లా తాళం కోసేశారు, లిఫ్టు నడిచింది. ఇంకో రెండురోజులకి ఆమె కంపెనీ వాళ్లు పిలిచి, కేసు తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. తాడు సంగతేమిటి అని అడిగితే, నువ్వు ముద్దాయివి, ఫిర్యాదు చేసినవాళ్ల లిఫ్టు మీద నువ్వు రాసే రిపోర్టుకి విలువేముంటుంది, కక్షతో రాశావంటారు అన్నారు. వేరే మెకానిక్కుని పంపారు. అతను డాబా దాకా ఎక్కాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. అంతా బాగుందని కాగితం రాసిచ్చి పోయాడు.

ఆ పదకొండు నెలలూ ఆమె తన భర్త నడిపే మంగలి షాపులో ఒక మూల కూర్చుని కుట్టుమిషన్లూ మిక్సీలూ బాగుచేసింది. క్షవరానికి వచ్చినవాళ్లు అద్దంలో ఆమెకేసి చూసి, ఈవిడేనా అని కళ్లతోనే అడిగేవారు. ఒకాయన ఒకసారి పైకే నవ్వి, జాగ్రత్తయ్యా, ఇంట్లో స్పానర్లు దాచెయ్ అని భర్తతో సరసమాడాడు. భర్త సగం గీసిన గడ్డం అలాగే వదిలేసి కత్తి కడిగి పెట్టేశాడు. ఆయన ఎంత బతిమాలినా మిగతా సగం గీయలేదు. అత్తగారు మాత్రం ఇంట్లో కూర్చుని ఆ మేనేజరు ఏడు తరాల వాళ్లనీ రోజుకొకసారి చెరిగేది.

ఆమె అన్నిటికీ ఓర్చుకుంది, ఒకే ఒక్క ఆశ మీద. కోర్టులో అన్నీ చెబుదువుగాని, చెప్పాల్సిన చోటు అదే అని లాయరు మొదటిరోజే అన్నాడు. తాడు సంగతి, బ్రేకు సంగతి, తాళం కోసిన సంగతి, తారీఖులతో సహా నాలిక చివర పెట్టుకుంది. ఆ మనిషి ఎదురుగా నిలబడితే, అతని కళ్లలోకి చూసి చెప్పాలని. ఇప్పుడు అతను రానే లేదు. రాకపోవడమే అతని జవాబైపోయింది.

లాయరు వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇంతకంటే సుళువుగా ఏ కేసూ తేలదని, సాక్షులు లేరు, ప్రశ్నలు లేవు, నెత్తిన పాలు పోసినట్టయిందని అన్నాడు.

"మనం గెలిచామా, లాయరుగారూ?"

"గెలిచినట్టే."

"గెలిచినట్టే అనకండి. గెలిచామా లేదా చెప్పండి."

ఆయన నవ్వు కాస్త తగ్గింది. కావాలంటే అబద్ధపు ఫిర్యాదు చేశాడని ఎదురు కేసు వేయొచ్చని, దానికి రెండుమూడేళ్లు పడుతుందని, తన మాట వింటే ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిని పడుకోమని చెప్పాడు. భర్త కూడా పోనీలే, పీడ విరగడైంది, పద అన్నాడు. ఆ పోనీలే అన్న మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వెళ్లు, నేను వస్తాను అని అతన్ని అక్కడే వదిలేసి విసవిసా నడిచింది. ఎక్కడికి అని అతను అడగలేదు. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె నడక చూసి ఆమాత్రం తెలుసుకోగలడు.

అపార్టుమెంటు ముందుకి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. పదకొండు నెలల్లో ఆ గుమ్మంలో అడుగు పెట్టడం అదే మొదలు. లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు వింది. తలుపు తెరుచుకుంటే లోపలి నేల బయటి నేలకంటే జానెడు కిందికి ఉంది. బ్రేకు జారుతోందన్నమాట. సంగీతం మాస్టారు వంగి, భార్య కూర్చున్న చక్రాల కుర్చీని ఆయాసపడుతూ ఆ జానెడూ పైకి ఎత్తి బయటికి తెచ్చాడు. రోజూ చేసే పనే అన్నట్టుంది ఆ ఎత్తడం.

ఆయన లిఫ్టక్కని చూసి గతుక్కుమన్నాడు. నువ్వు ఇక్కడికి రాకూడదేమో కదమ్మా, కేసుందిగా అన్నాడు. కేసు ఈ పూటే కొట్టేశారని ఆమె చెప్పింది.

"అలాగా, మొత్తానికి రాజీ పడ్డారన్నమాట. మంచిపని చేశారు," అన్నాడాయన.

ఆయన మర్యాదస్థుడు. మనసులో ఏ కల్మషమూ లేకుండానే అన్నాడు. అందుకే అది మరీ లోతుగా దిగింది. అతను రాలేదని చెబితే, తనే ఏదో ముట్టజెప్పి రాకుండా చేసుకుందనుకుంటారు. నిరూపణ కాలేదంటే, కొట్టింది కానీ సాక్ష్యం దొరకలేదనుకుంటారు. ఎటు తిప్పినా మచ్చ మచ్చలాగే ఉంది.

"రాజీ పడలేదు మాస్టారూ. అతను మొహం చాటేశాడు. మీరు మాత్రం ఈ లిఫ్టు ఎక్కకండి. అమ్మగారిని అసలు ఎక్కించకండి. తాళ్లు తెగుతున్నాయి."

మళ్లీ అదే పాటా అన్నట్టు ఆయన ముఖం ముడుచుకుంది. బాగుందని కాగితం అంటించారు కదమ్మా అని గోడకున్న అద్దపు చట్రం చూపించాడు. చక్రాల కుర్చీలో ఉన్న ఆవిడ మాత్రం భర్త మాట వినడం లేదు. లిఫ్టక్క ముఖంలోకే చూస్తోంది.

మేనేజరు ఇప్పుడు ఇక్కడ లేడని, ఓనరు తన ఇంకో భవనంలో సామాన్ల గదికి పంపాడని వాచ్‌మన్ చెప్పాడు. ఎంతో దూరం లేదు, రెండు వీధుల అవతల. ఆమె వెళ్లేసరికి అతను పెయింటు డబ్బాల మధ్య స్టూలు వేసుకుని క్యారేజీ విప్పుకుంటున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. మోచేతికి కట్టు లేదు, గీత కూడా లేదు.

"కోర్టుకి ఎందుకు రాలేదు?" అంది.

ఇవాళే వాయిదా అని తనకి తెలియదన్నాడు. తెలిసినా వెళ్లొద్దని ఓనరు ఎప్పుడో చెప్పాడన్నాడు. నీ మీద కేసు ఉండాల్సినన్నాళ్లు ఉంది, ఇక దానితో ఎవరికీ పనిలేదు అన్నాడు. దాచి చెప్పాలని కూడా అతనికి తోచలేదు. ఆ మాట చెప్పేటప్పుడు క్యారేజీ మూత చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

"ఉండాల్సినన్నాళ్లంటే?"

"కొత్త మెకానిక్కు కాగితం ఇచ్చేదాకా. తాళ్లు మారిస్తే నెల రోజులు లిఫ్టు ఆపాలి. అప్పుడు రెండు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. లిఫ్టు లేదంటే ఎవరు కొంటారు? ఆ ఫిర్యాదు నేను రాయలేదమ్మా. రాసి తెచ్చారు, సంతకం పెట్టాను. నీ కేసు పోయిందిగా, సంతోషించు. నన్నెందుకు అడుగుతావు, ఆ చీటీ చూశాక నేను అక్కడున్నన్నాళ్లూ ఆ లిఫ్టు ఎక్కలేదు. ఆరంతస్తులూ మెట్ల మీదే తిరిగాను."

లిఫ్టక్క చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. కట్టుకోకపోతే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

"అంటే నీకు తెలుసు."

అతను క్యారేజీ మూత మళ్లీ బిగించాడు.

"కుర్చీలో ఉన్న మనిషిని రోజూ అందులోకి తోస్తుంటే చూస్తూ, నువ్వు మెట్లెక్కావు. తెలిసి ఎక్కావు. ఈ మాట కాగితం మీద రాసివ్వు."

రాయనన్నాడు. రాస్తే తన పొట్ట కొట్టేస్తారన్నాడు. తనకీ ఇద్దరు ఆడపిల్లలున్నారన్నాడు. కంపెనీ తనని పనికి రావద్దన్నప్పుడు తన పొట్ట సంగతి ఎవరు చూశారని అడగబోయి ఆమె ఆగిపోయింది. అతనితో మాట్లాడటమే దండగనిపించింది. అతను పిరికివాడు. ఆ పిరికితనం ఆమె బతుకులో పదకొండు నెలలు తినేసింది, ఇంకా అయిదో అంతస్తులో ఒక మనిషి ప్రాణం మీద కూర్చుని ఉంది. ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. వీధి మలుపు దాకా ఆగకుండా నడిచింది.

అప్పుడు తట్టింది. నువ్వు ముద్దాయివి, నీ మాటకి విలువేముంది అన్నారు కదా. ఇవాళ పొద్దున్నించి తను ముద్దాయి కాదు. జడ్జిగారు రాసిన ఆ నాలుగు ముక్కలు తనకి పరువు తెచ్చిపెట్టకపోవచ్చు, నోరైతే తెచ్చిపెట్టాయి.

మళ్లీ కోర్టుకే వెళ్లింది. లాయరు ఇంకా ఇంటికి వెళ్లలేదు, క్యాంటీనులో టీ తాగుతున్నాడు. తీర్పు నకలు కావాలని, ఎంత తొందరగా అయితే అంత తొందరగా కావాలని ఆయన నెత్తిన కూర్చుంది. అది చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె పొద్దునా సాయంత్రమూ అపార్టుమెంటు గుమ్మం బయట నిలబడి, లిఫ్టెక్కే ప్రతివాళ్లకీ తాడు సంగతి చెప్పింది. కొంతమంది మెట్లెక్కారు. ఎక్కువమంది, పాపం మతి చలించిందన్నట్టు పక్కనించి తప్పుకుని లిఫ్టే ఎక్కారు. ఓనరు ఫోను చేసి మళ్లీ కేసు పెడతానన్నాడు. పెట్టండి, ఈసారి తప్పకుండా రండి అని ఆమె ఫోను పెట్టేసింది.

నకలు రాగానే లిఫ్టుల తనిఖీ ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు రాసింది. నకలు పైన పెట్టింది, పదకొండు నెలల కిందట తాను రాసిన రిపోర్టు కింద పెట్టింది. అక్కడి గుమాస్తా రెండు వారాల తర్వాత కనపడమన్నాడు. ఆమె అక్కడే బల్ల మీద కూర్చుంది. ఆఫీసు మూసేదాకా కూర్చుని, మర్నాడు తెరిచేసరికి మళ్లీ వచ్చి కూర్చుంది. వచ్చిపోయే ప్రతివాళ్లూ ఏం పని మీద వచ్చావని అడుగుతుంటే, ప్రతివాళ్లకీ మొదట్నించీ చెప్పింది. మూడోనాటికి ఆ పోరు పడలేక అధికారే బయటికి వచ్చి, పద చూద్దాం అన్నాడు.

అధికారి నెమ్మదైన మనిషి, లావుపాటివాడు. లిఫ్టు ఎక్కబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆరంతస్తులూ మెట్లెక్కి, రొప్పుతూ మిషన్ గదిలోకి వచ్చాడు. కరెంటు ఆపించి, ఆమె ఇచ్చిన నూలుగుడ్డతో తాళ్లు తనే తుడిచాడు. ఆమె చూపించిన నాలుగో తాడు మీద గుడ్డ ఆగింది. దీపం దగ్గరగా పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దాటాక లెక్క ఆపేశాడు. పక్క తాడులో ఒక పురి మొత్తం విడిపోయి వేలాడుతోంది. చివరికి, దీన్ని చూసి బాగుందని రాసినవాడి పేరు నాకు కావాలి అని మాత్రం అన్నాడు.

లిఫ్టుకి ఆఫీసు సీలు పడింది. డాబా మెట్ల దగ్గర జనం పోగయ్యారు. ఇప్పుడైనా ఎవరో ఒకరు ఓ మంచిమాట అంటారని ఆమె అనుకోలేదంటే అబద్ధం. ఎవరూ అనలేదు. ఇక పాలప్యాకెట్టుకి కూడా ఆరంతస్తులు దిగాలా అని ఒకావిడ విసుక్కుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా అని ఒకాయన గొణిగాడు. లిఫ్టక్క ఆయన వైపు అలా చూస్తూ నిలబడింది. ఏమీ కాలేదు కాబట్టే మీరు ఈ మాట అనడానికి మిగిలారు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

తాడు నించి తెగిన పోగుల ముక్క ఒకటి జేబులో వేసుకుని అయిదో అంతస్తు దిగుతుంటే, మాస్టారి ఇంటి తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో చక్రాల కుర్చీ. ఆయన ఇంట్లో లేనట్టుంది. ఆవిడ చెయ్యి చాపింది. చూపించమని. లిఫ్టక్క ఆ ముక్క ఆమె చేతిలో పెట్టింది. ఆవిడ తెగిన పోగుల మీద వేలు రాసి, గుచ్చుకుంటే వెనక్కి తీసుకుని, మళ్లీ రాసింది.

"ఆ వేళ నువ్వతన్ని కొట్టావా?" అని అడిగింది.

పదకొండు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ ఆమెని అడగలేదు. కంపెనీ అడగలేదు. లాయరు, నాకది తెలియనక్కర్లేదన్నాడు. జడ్జిగారి దాకా అది రానే లేదు.

"లేదమ్మా."

"కొట్టాల్సింది," అంది ఆవిడ. గొంతు పెంచకుండా అంది. ముక్క వెనక్కిచ్చింది కానీ, లిఫ్టక్క చెయ్యి వదల్లేదు. కాసేపు ఇద్దరూ అలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉండిపోయారు.

బాగుందని కాగితమిచ్చిన మెకానిక్కు లైసెన్సు పోయింది. ఓనరుకి నోటీసులు వెళ్లాయి. తాళ్లు మార్చడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మేనేజరు పని పోయిందో ఉందో ఆమె కనుక్కోలేదు. అబద్ధపు ఫిర్యాదు మీద కేసు మాత్రం వేసింది. రెండుమూడేళ్లు పట్టనీ అంది లాయరుతో.

కంపెనీ వాళ్లు కబురు పంపి, జరిగిన పొరపాటుకి చింతిస్తున్నామని ఉత్తరమిచ్చి, పనిలో చేరమన్నారు. ఆమె ఆ ఉత్తరం చదివి, పొరపాటు అన్న మాట కింద గీత గీసి తిప్పి పంపింది. చూడనిదాన్ని పొరపాటంటారు, చెప్పినా వినకపోతే అది తప్పు, తప్పు అని రాయండి అంది. రెండోసారి అపార్థం అని రాసి పంపారు. అదీ తిప్పి పంపింది. ఎందుకే ఈ పంతం అని భర్త అడిగితే, అత్తగారు వంటింట్లోంచే, దాని ఇష్టం, నువ్వు గడ్డాలు గీసుకో అంది.

మూడో ఉత్తరంలో తప్పు అని ఉంది. సంతకం చేసిన అధికారి ఆ ఒక్క మాట మిగతావాటికంటే చిన్న అక్షరాలతో టైపు కొట్టించాడు. ఆమె దీపం కింద పెట్టి రెండుసార్లు చదివి, మడిచి, సోమవారం పొద్దున్నే పనిముట్ల పెట్టె తీసుకుని బయల్దేరింది. కోపం తగ్గిందా అని దారిలో భర్త అడిగాడు. లేదంది.